‘వెళ్ళిపోయారు’ అనకుండా

చెల్లి లేని ఇంట్లో నేను కదపని వస్తువు దాని కంప్యూటర్ ఒక్కటే. కదపలేదంటే ఆపలేదని అర్థం. గదిలో అది అలా వెలుగుతూనే ఉండేది. మెయిల్ వస్తే తెర కింది మూల నుంచి పసుపురంగు చీటీ ఒకటి పైకి లేచేది. లేచేముందు ఎవరో వేలి కణుపులతో తలుపు తట్టినట్టు చిన్న చప్పుడు. చీటీ మీద ‘గుమ్మంలో ఉత్తరం ఉంది’ అని ఉండేది. వంటింట్లో ఉన్నా ఆ చప్పుడు నాకు వినిపించేది. ఎవరొచ్చారోనని చేతులు తుడుచుకుంటూ వీధి తలుపు దాకా వెళ్ళి, అప్పుడు గుర్తొచ్చి వెనక్కి వచ్చిన రోజులున్నాయి.

ఆ వాక్యం చెల్లి రాసిందే. దాని పని అనువాదం. మందు సీసాల మీది హెచ్చరికలు, బట్టలుతికే మిషన్లతో వచ్చే చిన్న పుస్తకాలు, ఫోన్లలో కనిపించే మాటలు తెలుగు చేసేది. మెయిల్ వచ్చిందని చెప్పే ఈ యాప్ కూడా దాని చేతి మీదుగానే తెలుగు నేర్చుకుంది. మెయిల్ పెట్టె ఒక కంపెనీది, తలుపు తట్టి చెప్పే ఈ యాప్ మాత్రం బయటివాళ్ళది. ఎవరో ఇద్దరు స్నేహితులు సరదాకి చేశారని చెల్లి చెప్పేది. అందుకే దాని పనుల్లో ఇదంటే ఇష్టం. వాళ్ళకి తెలుగు రాదు గనక ఏం రాసినా అడిగేవాళ్ళు లేరు.

ఆ పనిలో ఒక చిత్రం ఉంది. వాక్యాలు విడివిడిగా వస్తాయి. ఏది ఎక్కడ కనిపిస్తుందో ఎవరూ చెప్పరు. ‘తెరవండి’ అని వస్తే అది సీసా మూతో, కిటికీయో, ఉత్తరమో ఊహించుకోవాలి. అందుకని చెల్లి ప్రతి పనికీ మనసులో ఒక చోటు కట్టుకునేది. ఈ యాప్‌కి అది కట్టుకున్నది నిజంగానే ఇల్లు. గుమ్మం, తలుపు, గూడు, తాళాల గుత్తి అన్నీ ఉన్న ఇల్లు.

నేను బడిలో తెలుగు చెబుతాను. పిల్లలు నాకు పెట్టిన పేరు ‘బడింది టీచర్’. ‘ఇవ్వబడింది’, ‘చేయబడింది’ అని ఎవరు రాసినా ఎర్రసిరాతో సున్నా చుడతానని. మన బడిలో ‘బడింది’ లేదని ఒకసారి నోరు జారి నేనే అన్నాను, అది వాళ్ళ నోట నిలిచిపోయింది. ఆ పేరు విన్నరోజు చెల్లి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఏ వాక్యమైనా లొంగకపోతే గదిలోంచే పిలిచేది, బడింది టీచర్ గారిని ఒకసారి దయచెయ్యమని.

జబ్బు సంగతి బయటపడడానికి కొంచెం ముందు, అలాగే ఒక రోజు పిలిచింది.

“అక్కా, ఇది చూడు. యాప్‌లోంచి బయటికి వెళ్ళేవాళ్ళకి చివర చెప్పే మాట. ఉన్నదున్నట్టు రాస్తే ‘మీరు వెళ్ళిపోయారు’ అని వస్తోంది.”

“రాయి. తప్పేముంది?”

“బతికున్న మనిషి మొహం మీద మీరు పోయారంటామా?”

నేను కొంచెం ఆలోచించి ‘నిష్క్రమించారు’ అని రాయమన్నాను.

“రాజుగారు నిష్క్రమించారు, తెర పడింది,” అంది చెల్లి. “మెయిల్ చూసుకుని లేచే మనిషే తల్లీ. నాటకంలో వేషం కాదు.”

కొన్నాళ్ళకి, నేను దిద్దుడు కాగితాల మీద ఉండగా, దొరికిందని గదిలోంచి చెప్పింది. ఏం దొరికిందని అడిగితే చెప్పలేదు. మన ఇంట్లోదే ఎత్తుకొచ్చానంది. ఎప్పుడో నువ్వే నొక్కి చూసుకుందువుగానిలే అంది. ఆ తర్వాత ఆసుపత్రి మొదలైంది. ఆ మాట అడగడానికి వీలు కాలేదు, అడగాలని గుర్తూ రాలేదు.

గుర్తొచ్చింది మొన్న వానలు పట్టుకున్నాకే. బడి నుంచి వచ్చి తాళం తీస్తున్నాను. ఇదివరకు తాళం వేసేదాన్ని కాదు, చెల్లి ఇంట్లోనే ఉంటుంది గనక. ఇప్పుడు తాళమూ, సంచిలో తాళంచెవి వెతుక్కోవడమూ కొత్తగా అలవాటు చేసుకుంటున్నాను. లోపలికి వచ్చి చూస్తే తెర మీద చీటీ పసుపుగా లేదు, ఎర్రగా ఉంది. ‘ఈ తాళంచెవి కాదు. గుత్తిలో ఇంకొకటి చూడండి’ అని ఉంది.

ఆ వాక్యం నేనెప్పుడూ చూడలేదు. సంచి భుజాన ఉండగానే రెండుసార్లు చదివాను. యాప్ మెయిల్ పెట్టెలోకి పోలేకపోతోందని ఆ తర్వాత అర్థమైంది. ముందు అర్థమైంది వేరే. చెల్లి రాసి నేను చదవని మాటలు ఈ పెట్టెలో ఇంకా ఉన్నాయి.

అప్పటినుంచి నాకు అదే పని. యాప్‌కి ఏ ఇబ్బంది వస్తే ఏం చెబుతుందో చూడడం. నెట్ తీగ పీకాను. ‘దారిలో ఎవరూ కనబడడం లేదు. తీగ ఊడిందేమో చూడండి’ అంది. చప్పుడు ఆపే చోట నొక్కాను. ‘సరే, పిల్లలు పడుకున్నారు’ అంది. అది చదివి ఒక్కదాన్నే నవ్వాను. మా ఇంట్లో పిల్లలెవరూ లేరు. ఏదీ నొక్కకుండా ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తుంటే, చాలాసేపటికి చీటీ దానంతట అదే లేచి ‘ఉన్నారా?’ అని అడిగింది. ఆ రోజుకి అక్కడితో ఆపేశాను.

ఈలోగా నా ఫోన్‌కి ఒక సందేశం వచ్చింది. చెల్లి మెయిల్‌కి ఆపద్ధర్మంగా ఇచ్చిన నంబరు నాదే. మెయిల్ కంపెనీ రాసింది: ‘కొత్త స్థానం నుండి మీ ఖాతాలోకి ప్రవేశించుటకు ప్రయత్నించబడింది. నిలిపివేయబడింది. ఇది మీరేనా?’ ఒక్క సందేశంలో రెండు ‘బడింది’లు. ఎర్రపెన్ను ఎక్కడుందా అని నా కళ్ళు వెతికాయి. కింద రెండు గడులు. ‘అవును, నేనే’ అని ఒకటి, ‘కాదు’ అని ఒకటి.

కంప్యూటర్ మా ఇంట్లోది, యాప్ చెల్లిది, లోపలికి పోలేక అవస్థపడుతున్నదీ అదే. ‘అవును’ నొక్కాను. వెంటనే గదిలో తలుపు చప్పుడు, ఒకదాని మీద ఒకటి, ఆగకుండా. అన్నాళ్ళూ గుమ్మంలో ఆగిన ఉత్తరాలన్నీ వచ్చాయి. కొన్నిటి మీద పేర్లు చూశాను. చెల్లికి పని ఇచ్చేవాళ్ళు. దాని సంగతి తెలియనివాళ్ళు. వాళ్ళకి జవాబు రాయాలని మొదటినుంచీ అనుకుంటున్నాను. కూర్చుంటాను, మొదటి వాక్యం దగ్గర ఆగిపోతాను. ‘మా చెల్లెలు’ దాకా రాసి, ఆ తర్వాతి క్రియ కోసం చూస్తూ ఉంటాను.

మర్నాటికి చీటీ మళ్ళీ ఎర్రబడింది. ఫోన్ మళ్ళీ అడిగింది, ఇది మీరేనా అని. ఈసారి చోటు పేరు కూడా ఇచ్చింది. ఆ ఊరి పేరు నేను పటంలో కూడా చూసి ఎరగను. మా ఇంట్లో కంప్యూటర్ అక్కడినుంచి ఎలా వస్తుంది? అదేమిటో తెలుసుకోవాలనిపించి ఫోన్ పట్టుకెళ్ళి బడిలో కంప్యూటర్ మాస్టారికి చూపించాను.

ఆయన నాకంటే చాలా చిన్నవాడు. పిల్లల పాస్‌వర్డులన్నీ పిల్లలకంటే ముందే ఊహించేస్తాడని పేరు. సందేశం చదివి, నేను చెప్పింది మొత్తం విని, తలగోక్కున్నాడు.

“మేడమ్, తలుపు తట్టి చెప్పేవాడి దగ్గర ఇంటి తాళంచెవి ఎందుకుంది?”

నేను అడగాల్సిన ప్రశ్న అది. నాకు తోచలేదు. ఆయన నెమ్మదిగా విడమరిచాడు. ఉత్తరం వచ్చిందో లేదో తెలియాలంటే యాప్ పెట్టె తెరిచి చూడాలి. అందుకు చెల్లి పాస్‌వర్డు దానికి ఇచ్చింది. యాప్ దాన్ని మన కంప్యూటర్లోనే దాచుకోలేదు, వాళ్ళ కంపెనీ మిషన్లకీ పంపింది. మన తరఫున వెళ్ళి చూసేది ఆ మిషన్లు. అందుకే తెలియని ఊర్లు. ఇదివరకు మెయిల్ కంపెనీలు ఇలాంటివాళ్ళని చూసీ చూడనట్టు వదిలేసేవి, ఇప్పుడు గుమ్మంలో ఆపి అడుగుతున్నాయి.

అక్కడితో అయితే ఫరవాలేదన్నాడు. కాసేపు తన కంప్యూటర్లో వెతికి చూసి మొహం మార్చాడు. ఆ ఇద్దరు స్నేహితులూ యాప్‌ని ఎప్పుడో అమ్మేశారు. కొన్నవాళ్ళు ఎవరో ఎక్కడా రాసి లేదు. వాడేవాళ్ళు కొందరు తమ ఉత్తరాలు ఎవరో తెరిచి చూశారని మొత్తుకుంటున్నారు. కొన్నవాళ్ళు మార్చిన కొత్త యాప్‌లో తెలుగు కూడా చూపించాడు, మా ఇంట్లోది ఇంకా పాతదే. చివరి వాక్యం ‘మీ ఖాతా విజయవంతంగా నిష్క్రమింపజేయబడింది’. నా ‘నిష్క్రమించారు’కి ఎవరో ‘బడింది’ తగిలించినట్టుంది. పక్క కుర్చీలో సైన్సు మేడమ్ అది చూసి, “మీకు ఏడాదికి సరిపడా ఎర్రసిరా ఖర్చు,” అంది.

“మీరు ‘అవును’ నొక్కిన ప్రతిసారీ అందరికీ కలిపి అవునన్నట్టే,” అన్నాడు మాస్టారు. “పెట్టెలో ఏమున్నాయి?”

ఏమున్నాయో చెప్పాను. మా ఇద్దరి గుర్తింపు కాగితాలు. చెల్లి ఆసుపత్రి రిపోర్టులన్నీ. అది ఎవరెవరికో రాసుకున్నవి, నేనింకా తెరవనివి. తెరవడానికి తొందరేముందిలే, అవి ఎక్కడికీ పోవుగదా అనుకుంటూ వచ్చాను. నాకంటే ముందు ఎవరైనా చదువుతారని ఎన్నడూ అనుకోలేదు.

ఇప్పుడే ‘కాదు’ నొక్కి, ఇక్కడే కూర్చుని పాస్‌వర్డు మార్చెయ్యమన్నాడు. ఫోన్ నా చేతిలోకి తోశాడు. నేను నొక్కలేదు.

ఎందుకో చెప్పడం కష్టమైంది. చెల్లి రాసిన చివరి మాట ఒకటి ఆ యాప్‌లో ఉందని, అది బయటికి వెళ్ళేటప్పుడే కనిపిస్తుందని చెప్పాను. కుర్రాడైనా ఆయన నవ్వలేదు. అదెంత పని, అలాంటి వాక్యాలన్నీ యాప్ లోపల ఒక ఫైలులో వరసగా ఉంటాయి, తెరిచి ప్రింటు తీసిస్తానన్నాడు.

వద్దన్నాను. చెల్లి వాటిని అలాగే చూసింది, విడివిడిగా, వరసగా, ఏది ఎక్కడ పడుతుందో తెలియకుండా. ఒక్కదాన్నయినా దాని చోట చూడాలని దానికి ఉండేది. ఆ ఒక్కటీ నేను చూస్తానన్నాను.

ఆయన ఫోన్లో మా యాప్ పాత ఫొటో ఏదో వెతికి, పెదవి విరిచాడు. బయటికి వెళ్ళాలంటే ముందు లోపల ఉండాలి. ఎర్రచీటీ ఉన్నంతసేపూ ఆ గడి పనిచెయ్యదు. అంటే ఇంకొకసారి ‘అవును’ నొక్కాలి.

“దొంగకి తలుపు తీసి, మర్యాదగా సాగనంపుతానంటారు.”

“అవును.”

“నేనూ వస్తాను,” అన్నాడు. “తీసిన తలుపు దగ్గర ఒక మనిషి ఉండాలి.”

సాయంత్రం బడి వదిలాక ఇద్దరం కలిసే వచ్చాం. చెల్లి గదిలోకి బయటి మనిషి రావడం అదే మొదలు. ఆయన చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చోవాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. కూర్చోమన్నాను. ముందు మెయిల్ పెట్టెని నేరుగా తెరిచి, గుర్తింపు కాగితాలూ రిపోర్టులూ ఒక పెన్‌డ్రైవులోకి తీసి, పెట్టెలోంచి చెరిపేశాడు. చెరిపేటప్పుడు దేన్నీ చదవకుండా కళ్ళు పక్కకి తిప్పుకోవడం గమనించాను. తర్వాత పాస్‌వర్డు మార్చే పేజీ తెరిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. కొత్తది ఏం పెట్టాలో నన్నే టైపు చెయ్యమన్నాడు, తను గోడ వైపు తిరిగాడు. నేను టైపు చేశాను. ఇంక ఒక్క గడి నొక్కితే పాత తాళంచెవి పనికిరాదు.

“ఇప్పుడు,” అన్నాడు.

ఫోన్లో ‘అవును, నేనే’ నొక్కాను. ఎర్రచీటీ దిగిపోయింది. తలుపు చప్పుళ్ళు మొదలయ్యాయి. వాటి మధ్యలోనే ఆయన యాప్ మెనూ తెరిచి పైకీ కిందికీ చూశాడు.

“లాగ్ అవుట్ ఏది మేడమ్? ఎక్కడా లేదే.”

నాకు కనిపించింది. గడి చిన్నది, మాట పట్టలేదు, ‘వెళ్ళొస్తా’ దాకా వచ్చి చివర మూడు చుక్కలు పడ్డాయి. గడి వెడల్పు ఎవరూ చెప్పరని చెల్లి విసుక్కునేది ఇందుకన్నమాట. వెళ్తానని ఎవరూ అనరు కదా, ఇదే అయి ఉంటుందని చూపించాను. ఆయన ఆ మాట వైపూ నా వైపూ చూసి, మౌస్ నా చేతికి ఇచ్చాడు.

నొక్కాను. చీటీ లేచింది, కాని అది చివరిది కాదు. ‘అన్నీ తీసుకున్నారా?’ అని అడిగింది. కింద ‘ఆఁ’ అని ఒక గడి, ‘ఉండండి’ అని ఒక గడి.

ప్రయాణానికి బయల్దేరిన మనిషిని గుమ్మంలో అడిగే ప్రశ్న. ఖాయమేనా అని అడగాల్సిన చోట చెల్లి దీన్ని పెట్టింది. నేను ఎంతసేపు చూశానో తెలియదు. తలుపు చప్పుళ్ళు ఆగిపోయాయి. ఉత్తరాలన్నీ వచ్చేసినట్టున్నాయి.

“మేడమ్,” అన్నాడు మాస్టారు మెల్లిగా. “తలుపు తీసే ఉంది.”

‘ఆఁ’ నొక్కాను.

చీటీ నెమ్మదిగా పైకి వచ్చింది. పసుపురంగే. ‘మంచిది. తలుపు దగ్గరికి వేశాను’ అని ఉంది.

ఇంతవరకూ యాప్ తనుగా అన్న వాక్యాల్లో ఎక్కడా ‘నేను’ లేదు. చూడండి, ఉన్నారా, తీసుకున్నారా, అన్నీ ఎదుటి మనిషి గురించే. యాప్ తన గురించి తను ఒక్క మాట అనదు. ఇక్కడ ఒక్కచోటే ఉత్తమపురుష. పొరపాటు కాదు. ఎక్కడ ఏ పురుష వాడాలో దానికి నేనే నేర్పాను.

రోజూ పొద్దున రెండు చేతుల నిండా దిద్దిన కాగితాలతో బయల్దేరుతూ, వెళ్ళొస్తానని, తలుపు దగ్గరికి వెయ్యమని కేకేసేదాన్ని. గదిలోంచి ‘మంచిది’ అని వినిపించేది. నేను వీధి మలుపు తిరిగే లోపు తలుపు దగ్గరికి వచ్చి ఆగిన చప్పుడు. గడియ పడేది కాదు. ‘మన ఇంట్లోదే ఎత్తుకొచ్చాను’ అన్నది దీన్నే.

“దగ్గరికి వెయ్యడమేంటి మేడమ్?” మాస్టారు తెర మీదికి వంగి చదివాడు. “గడియ పెట్టాలి గదా.”

“పెట్టండి,” అన్నాను.

ఆయన ఆ ఒక్క గడీ నొక్కాడు. పాస్‌వర్డు మారింది. చీటీ ఇంకా కాసేపు ఉంది, తర్వాత అన్ని చీటీల్లాగే దిగిపోయింది. ఫొటో తియ్యమంటారా అని అడగడం ఆయనకు ఆలస్యంగా తోచింది. అందుకు బాధపడుతుంటే, అక్కర్లేదని చెప్పాను. నా ఫోన్ చివరిసారి అడిగింది, ‘మీ పాస్‌వర్డు మార్చబడింది. ఇది మీరేనా?’ అని. అవునన్నాను.

యాప్‌ని కంప్యూటర్లోంచి కూడా తీసేసి ఆయన లేచాడు. టీ పెడతానంటే ఇంకోసారన్నాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ “వెళ్ళొస్తాను మేడమ్,” అని, అన్నాక తనే చిన్నగా నవ్వాడు. మంచిదన్నాను.

తిరిగి వచ్చి చెల్లి కుర్చీలో కూర్చున్నాను. ఇంక తలుపు తట్టి చెప్పేవాళ్ళు లేరు, వచ్చినవి చూడాలంటే పెట్టె నేనే తెరవాలి. తెరిచాను. పైన ఉన్న ఉత్తరం బట్టలుతికే మిషన్లవాళ్ళది. ఒకే ఒక్క వాక్యం మిగిలిపోయిందని, వీలు చూసుకుని పంపమని, ఒంట్లో బాగుందా అని రాశారు. ఆ వాక్యం కింద ఇచ్చారు. తెలుగులో చెబితే ‘మూత తీసే ముందు ఆగండి’ అని.

ఏ మూత? సబ్బు పోసే చోటుదా, నీళ్ళు నిండిన మిషన్‌దా? ఆగమనడం ఎంతసేపు, చప్పుడు ఆగేదాకానా, నీళ్ళు పోయేదాకానా? వేడిగా ఉంటుందనా, ఇంకా తిరుగుతూ ఉంటుందనా? ఒక్కోదానికి ఒక్కో మాట పడుతుంది. ఆ ఆలోచనలో ఉండగానే జవాబు రాయడం మొదలుపెట్టానని కొంచెంసేపటికి గాని గమనించలేదు.

రాసింది ఇంతే. ‘నమస్కారం. మీకు అనువాదాలు చేసే మా చెల్లెలు చనిపోయింది. ఆమె అక్కను, బడిలో తెలుగు చెబుతాను. మీరు పంపిన వాక్యం చూశాను. ఇది ఎక్కడ కనిపిస్తుందో దయచేసి చెప్పగలరా?’

ఒకసారి చదివి చూసుకుని పంపాను.